కాంటెన్ సముద్రం

పెద్ద కాగులో కాంటెన్ కుతకుత ఉడుకుతోంది. ఒతోయో రెండు చేతులా తెడ్డు పట్టుకుని తిప్పుతోంది. పొట్టి మనిషి, కాగు అంచు అందక పీట ఎక్కింది. ముంజేతుల నిండా పాత కాలిన మచ్చలు. సముద్రపు నాచు ఉడికించి తీసే ఈ కాంటెన్‌నే గడ్డకట్టించి, సన్నగా తరిగి, పులుపు చల్లి టోక్యో వీధుల్లో అమ్ముకుంటూ ముసలిదైంది. యుద్ధం వచ్చి బేరాలు పోయాక, సినిమా స్టూడియో వాళ్ళు పిలిచి సముద్రం చెయ్యమన్నారు.

నీలం రంగు కలిపి, పొడుగాటి బల్లల మీద పోసి, గట్టిపడేలోపు దువ్వెనతో గీస్తే అలలు. వాటి మీద చెక్క యుద్ధనౌకలు. ఇవాళ సినిమాలో శత్రువుల రేవు తగలబడాలి. మందుగుండు ఒక్కసారికే ఉంది. సైన్యం నుంచి ఒక అధికారి కూడా వచ్చి కూర్చున్నాడు.

"పెద్దమ్మా, నీ సముద్రం చూస్తే నోరూరుతోందే," అన్నాడు మందుగుండు అమర్చే ర్యోసాకు.

"తిను. కుళ్ళకుండా మందు కలిపాను. నువ్వూ పదేళ్ళు నిలవుంటావు."

లైట్లు వెలిగాయి. అసలే ఎండాకాలం. కాసేపటికే అలల అంచులకు చెమటలు పట్టాయి.

"సముద్రం జారిపోతోంది!" డైరెక్టర్ కనమోరి తల పట్టుకున్నాడు. "లైట్లు ఆర్పితే ఇవాళ మళ్ళీ కరెంటు ఇవ్వరు!"

ఒతోయో పీట మీంచి దూకింది. "విసనకర్రలు పట్టండర్రా! అట్టలు, పళ్ళేలు, ఏది దొరికితే అది!"

దుస్తులు కుట్టే ఆడవాళ్ళు, రంగులు వేసేవాళ్ళు పరుగున వచ్చారు. అందరూ సముద్రానికి విసరడం మొదలుపెట్టారు. నవ్వాగక ఒకామె కూలబడింది. చివరికి అధికారి కూడా టోపీ తీసి రెండు ఊపులు ఊపాడు.

"తప్పుకోండి! కెమెరా!"

తీగల మీద విమానాలు దూసుకొచ్చాయి. రేవంతా ఒక్కసారిగా భగ్గుమంది. నీలం అలలు పైకప్పు దాకా లేచాయి. అన్నిటికంటే పెద్ద ఓడ రెండుగా విరిగి ఒరిగిపోయింది. "బన్‌జాయ్!" అని అందరూ జేజేలు కొట్టారు. ఒతోయో చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

"చూశావట్రా! నా అలలు ఎలా లేచాయో!"

"అదరగొట్టావు పెద్దమ్మా!"

పొగ విడిపోయేదాకా ఆమె ఆ బల్ల దగ్గరే ఉంది. తర్వాత వచ్చి గోడవార కూర్చుంది. ముఖం ఇంకా వెలుగుతూనే ఉంది.

"ర్యోసాకూ, మా అబ్బాయి హెయికిచి రవాణా ఓడలో బొగ్గు వేస్తాడు కదా. వేసవి మొదలైనప్పట్నుంచీ కబురు లేదు. ఓడ అడుగున ఉన్నవాళ్ళకి ఇలాంటి మోత వినబడుతుందంటావా?"

"టీ తెస్తానుండు," అని లేచాడు ర్యోసాకు.

తెచ్చేసరికి ఆమె గోడకి తల ఆనించి ఉంది. నిద్రపోతోందనుకుని భుజం తట్టాడు. మళ్ళీ తట్టాడు. టీ కింద పెట్టి, చేతులు తుడుచుకుని, సగం తెరిచి ఉన్న ఆమె కళ్ళు మెల్లగా మూశాడు.

లైట్లు ఆర్పేశాక బల్ల మీది నీలం ముద్ద మళ్ళీ గట్టిపడింది. పెద్ద ఓడ మునిగిన చోట, ఒతోయో ఎప్పుడు తడిమి చూసిందో ఏమో, పొట్టి వేళ్ళ అరచేతి అచ్చు ఒకటి అందులో నిలిచిపోయింది.