అరవయ్యో పేరు కింద ఎర్ర గీత

నేను ఒక రూళ్లకర్రను. మూరెడు పొడవు, నున్నటి గుండ్రటి ఒళ్లు, లోపలంతా తుమ్మచేవ. కడప వడ్రంగి ఒకాయన నన్ను తరిమెన మీద గిర్రున తిప్పి చెక్కితే, ఒక పల్లె బడిలో హెడ్మాస్టరుగారి బల్లెక్కాను. గీతలు ఎన్ని గీశానో పిల్లల అరచేతులూ అన్నే వాయించాను. గొప్పకు చెప్పడం లేదు, జరిగింది చెబుతున్నాను.

ఆ బల్ల ముందే ఓ రోజు ఓబులేసు నాయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "సామీ, మావోనికి రెండేండ్లు తగ్గించి రాయండి. రేపు గవర్మెంటు నౌకరీ వస్తే రెండేండ్లు ఎక్కువ చేస్తాడు" అన్నాడు. మేష్టారు నవ్వి, అలాగే రాశారు. అదే పూట చేరిన దస్తగిరికి వాళ్లమ్మ ఉన్న వయసే చెప్పింది. దాంతో నిజానికి ఏడాది పెద్దవాడైన ఓబులేసు కాగితం మీద ఏడాది చిన్నవాడయ్యాడు.

మేష్టారు పోయాక ఆయన కొడుకు పెంచలయ్యగారు నన్ను తన ఆఫీసుకు తెచ్చుకున్నారు. బోరుబావులు వేయించే సర్కారు సంస్థ అది, ఆయన సూపరింటెండెంటు. చూద్దును కదా, ఆ ఇద్దరూ అక్కడే గుమాస్తాలు! ఒకే రోజు, ఒకే పూట చేరారట. పక్కపక్క కుర్చీలు, ఒకే టిఫిను క్యారియరు, రోజంతా "అన్నా", "తమ్ముడా" అని పిలుపులు.

ఒక ఏడు పైనుంచి ఉత్తర్వు ఊడిపడింది. ఎనభై నాలుగు మందిలో అరవై మందే ఉండాలి, అరవయ్యో పేరు కింద గీత గీసి ఆ దిగువ వాళ్లను ఇంటికి పంపాలి. పని చూసి ఎంచుతారనుకున్నాను, పిచ్చిదాన్ని! చూసేది చేరిన తేదీ. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు గానీ, సర్కారు లెక్కలో కొమ్ములకే ముందు కోత. బల్ల మీద గురకపెట్టే మహానుభావులంతా గీతకు పైన హాయిగా ఉన్నారు. చిక్కల్లా అరవయ్యో పేరు దగ్గర వచ్చింది. అక్కడున్నది ఓబులేసా, దస్తగిరా?

"మిమ్మల్ని ఉద్యోగంలోకి ఎంచుకున్నప్పటి జాబితాలో ఎవురి పేరు ముందుంటే వాళ్లే సీనియరు. ఆ కాయితం దొరక్కుంటే సర్టిఫికెట్లో వయసు సూడల్ల. మూడు దినాలే గడువు" అన్నారు పెంచలయ్యగారు.

బీరువాలన్నీ వెతికారు, దొరకలేదు. వయసు చూస్తే కాగితం మీద పెద్దవాడైన దస్తగిరి ఉంటాడు, ఓబులేసు పోతాడు. నాయన మిగిల్చిన రెండేళ్లు ఉన్న కొలువునే మింగేటట్టున్నాయి! "యాభై దాటినోన్ని ఇంగెవురు పనికి పిలుస్తార్రా తమ్ముడా" అని ఓబులేసు తల పట్టుకున్నాడు.

మూడో రోజు పొద్దున దస్తగిరి, తేళ్లుంటాయని నన్ను చేతబట్టుకుని, అటకెక్కాడు. కట్టను నాతో కొట్టడం, దుమ్ములో దగ్గడం, విప్పి చూడడం. అలా ఏడో కట్టలో దొరికింది! ఓబులేసు నాలుగో పేరు, దస్తగిరి తొమ్మిదో పేరు. అటక మీద అతనూ నేనూ తప్ప ఇంకో ప్రాణి లేదు. నన్ను పట్టుకున్న చెయ్యి చెమటతో తడిసిపోయింది. కాగితం మడిచి చొక్కా లోపల పెట్టుకున్నాడు. నాకు పై ప్రాణం పైనే పోయింది.

నిచ్చెన దిగలేదు, దూకినంత పని చేశాడు. "అన్నా! దొరికిండాదన్నా! నువ్వే ముందు!" అని వరండా అదిరేలా అరుచుకుంటూ పరుగు. లాటరీ తగిలినవాడు కూడా అలా అరవడు.

ఓబులేసు కాగితం చూసి భోరుమన్నాడు. "సించి పారేసింటే ఎవురికి తెలుస్తాదిరా?"

"ఇన్నేండ్లూ నిన్ను అన్నా అని ఉత్తపున్యానికే పిలిచినానా?" అన్నాడు దస్తగిరి. కళ్లు తుడుచుకున్నాడు, నవ్వాడు కూడా.

పెంచలయ్యగారు ఓబులేసు పేరు కింద నన్ను ఆనించి ఎర్ర కలం తీశారు. ఆయన వేళ్లు నన్ను గట్టిగా అదమలేదు, నేను దొర్లిపోయాను. మళ్లీ పెట్టారు, మళ్లీ దొర్లాను. దస్తగిరి బల్ల మీదికి వంగి, తన పేరుకు సరిగ్గా పైన నన్ను రెండు చేతులా అదిమిపట్టాడు.

"ఇప్పుడు గీయండి సార్" అన్నాడు.

గీత తిన్నగా వచ్చింది.

ఆ తర్వాత జాబితాలన్నీ కంప్యూటరులోకి ఎక్కాయి, నేను పాత సామాన్ల గదిలోకి వచ్చాను. బాధేం లేదు లెండి. ఆ రోజు తర్వాత ఇంకో గీత గీయాలని నాకూ లేదు.