మూడో బల్ల

మా ఇంజినీరింగ్ కాలేజీ మెషీన్స్ ల్యాబ్‌లో నాకు చెప్పకుండా స్టూలు కూడా జరపడానికి వీల్లేదు. ఇరవై తొమ్మిదేళ్లుగా అక్కడ టెక్నీషియన్‌ని. డీన్లు మారారు, ప్రొఫెసర్లు రిటైరయ్యారు, ఈ మయిల్‌సామి మాత్రం తాళంచెవుల గుత్తితో అలాగే ఉన్నాడు. వెనకాల పిల్లలు నన్ను ‘కలెక్టర్‌గారు’ అంటారని తెలుసు. అననీ, నాకేం. మంచి మోటార్లు కిటికీ పక్కన ఒకటో బల్ల మీద ఉండాలి, పాడైనవి గోడవార మూడో బల్ల మీద ఉండాలి. అది నేను పెట్టిన రూలు. ఒకసారి ఎవరో పాడైన మోటారు తెచ్చి మంచివాటి మధ్య పెడితే, సరిగ్గా ప్రాక్టికల్ పరీక్ష రోజున అది కాలి ల్యాబంతా పొగ కమ్మింది. ఆ రోజు నుంచి మూడో బల్ల మోటారు ఒకటో బల్ల మీద కనబడిందంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

పూంగొడి మా దగ్గరికి పీహెచ్‌డీకి వచ్చి ఎనిమిదేళ్లు. అంతకుముందు ఊళ్లోనే ఒక పంపుల ఫ్యాక్టరీలో టెస్టింగ్ చేసేది. వచ్చిన మొదటి వారమే నా పక్కన నిలబడి, నేను స్క్రూడ్రైవర్ మొన మోటారు మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని బేరింగు వినడం చూసింది.

"అన్నా, మీరు చెవితో వినేది ఒక పెట్టెకి నేర్పిద్దామని వచ్చాను" అంది.

నాకు ఒళ్లు మండింది. "నా చెవికేమొచ్చిందమ్మా?"

"మీ చెవికేం కాలేదన్నా. మీరు ఒక్కరేగా. మా ఊరి చుట్టుపక్కలే నాలుగు వందల పంపుసెట్లున్నాయి. బేరింగు అరిగిందని ముందే తెలిస్తే బేరింగుతో పోతుంది. తెలియకపోతే మోటారే కాలిపోతుంది, అరటితోట ఎండిపోతుంది."

జవాబు లేనప్పుడు నేను కాగితాలు అడుగుతాను. "మోటార్లు కావాలంటే గైడు సంతకంతో లెటర్ తీసుకురా" అన్నాను.

తెచ్చింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి తెస్తూనే ఉంది. రెండు వందల మోటార్లు, సగం మంచివి, సగం బేరింగు పోయినవి. ఒక్కొక్కదాని మీద చిన్న సెన్సర్ అంటించి, దాని అదురు అంతా కంప్యూటర్లోకి ఎక్కించింది. కంప్యూటర్ ఆ అదుర్లను వేలసార్లు తిరగేసి మంచి ఏదో చెడు ఏదో తనంతట తానే నేర్చుకుంటుందట. చివరికి టిఫిన్ డబ్బా అంత పెట్టె తయారైంది. మోటారు మీద పెడితే ఆకుపచ్చ దీపమో ఎర్ర దీపమో వెలుగుతుంది. నూటికి తొంభై తొమ్మిది సార్లు సరిగ్గా చెప్పింది. నేను కుళ్లుకున్నాను, ఒప్పుకుంటాను. పోటీ పెడితే నాకు వచ్చింది ఎనభై నాలుగే.

ఆమె గైడు తిరునావుక్కరసు. అందరికీ అరసు సార్. ఆయన ఆనందం ఇంతా అంతా కాదు. పేపర్ పెద్ద జర్నల్‌లో అచ్చయింది. ఊళ్లోని ఒక పంపుల కంపెనీ జూలైలో వంద పెట్టెలు తోటల్లో బిగిస్తామంది. పూంగొడికి మాత్రం ఒక్కటే దిగులు. ఆమె రిజిస్ట్రేషన్ గడువు రెండుసార్లు పొడిగించారు, ఇక పొడిగించరు. జూన్ ముప్పైలోపు థీసిస్ ఇవ్వాలి. ఇవ్వాలంటే అచ్చయిన పేపర్ ఒకటైనా ఉండాలి. ఉన్నది ఆ ఒక్కటే. అది లేకపోతే ఎనిమిదేళ్లూ గాల్లో కలిసిపోతాయి.

జూన్ మొదటి వారంలో మా క్యాంటీన్ ఒకరోజు మూసేశారు. ఓనర్ మనవరాలికి చెవులు కుట్టించే వేడుక. టీ లేక నేను చిరాగ్గా ఉన్నాను. పూంగొడి కంపెనీవాళ్లకి చూపించడానికి రిహార్సల్ చేసుకుంటూ, మూడో బల్ల మీద పరమ అధ్వాన్నమైన మోటారు ఒకటి ఆన్ చేసి పెట్టె పెట్టింది. దాని బేరింగు గరగరలు గుమ్మం దాకా వినిపిస్తున్నాయి. పెట్టె మీద ఆకుపచ్చ దీపం వెలిగింది.

"ఏంటమ్మా, నీ పెట్టె కూడా సెలవు పెట్టిందా?" అన్నాను సంబరంగా.

ఆమె నవ్వలేదు. తీసి మళ్లీ పెట్టింది. ఆకుపచ్చే. అయిదుసార్లు పెడితే అయిదుసార్లూ ఆకుపచ్చే. మర్నాడు పొద్దున్న పదకొండింటికి అదే మోటారు మీద అదే పెట్టె పెడితే బుద్ధిగా ఎర్ర దీపం వెలిగించింది. అరసు సార్ వచ్చి చూసి, "వైరు వదులై ఉంటుందిలే అమ్మా, వెళ్లి థీసిస్ రాసుకో" అన్నారు. నేనైనా అదే అనేవాణ్ని. పేరున్న ప్రొఫెసర్ చెప్పారు, దీపం సరిగ్గా వెలుగుతోంది, గడువు నెత్తిమీదుంది. ఇంకొకరైతే దణ్ణం పెట్టి వెళ్లిపోయేవారు.

ఈ పిల్ల వెళ్లలేదు. పదకొండు రోజులు ఆ పెట్టె వెంట పడింది. వైర్లన్నీ మార్చింది, సెన్సర్ మార్చింది. పదకొండో రోజు మధ్యాహ్నం మూడు గంటలకి నన్ను పిలిచి, "అన్నా, ఒకసారి ఇటు రండి" అంది. మూడో బల్ల మీద మోటారు ఉంది. స్విచ్ ఆపేసి ఉంది. దాని మీద పెట్టె ఉంది. ఎర్ర దీపం వెలుగుతోంది.

"తిరగని మోటారుకి బేరింగు పోయిందంటోందా?" అన్నాను.

"అవునన్నా. కంప్యూటర్లో చూస్తే నూటికి తొంభై ఎనిమిది పాళ్లు ఖాయమంటోంది."

"అయితే అది వినేదేంటి?"

"అదే తెలియట్లేదు. మీరు వినండి."

స్క్రూడ్రైవర్ తీసి మోటారు మీద పెట్టాను. బేరింగు చప్పుడు ఎలా ఉంటుంది, మోటారు ఆగి ఉంటే! బల్ల మీద పెట్టాను. సన్నగా ఏదో వచ్చింది. బల్ల ఆనుకున్న గోడకి పెట్టాను. గడగడమంటూ చెవిలో పడింది. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు, రోజూ పొద్దున్న టీకి వెళ్లినప్పుడు పక్కనే నిలబడి వింటాను. గోడకి అటువైపు క్యాంటీన్ వంటగది. అక్కడ ఇడ్లీ పిండి రుబ్బే పెద్ద గ్రైండర్ పది నుంచి నాలుగు దాకా, అంటే మా ల్యాబ్ నడిచినంతసేపూ, తిరుగుతూనే ఉంటుంది.

"గ్రైండర్" అన్నాను.

పూంగొడి స్టూలు మీద కూలబడింది. నేను చెప్పక్కర్లేకపోయింది. పాడైన మోటార్లన్నీ మూడో బల్ల మీదే రికార్డు చేసింది. మంచివన్నీ కిటికీ దగ్గర. ఎనిమిదేళ్లూ ఆ పెట్టె నేర్చుకున్నది బేరింగు సంగతి కానేకాదు. గ్రైండర్ వినబడితే ఎర్ర దీపం, క్యాంటీన్ మూసిన రోజులా వినబడకపోతే ఆకుపచ్చ దీపం. తొంభై తొమ్మిది మార్కులూ మా క్యాంటీన్ పిండివి.

పాడైనవి మూడో బల్ల దాటకూడదన్నది నేను. ఒకసారి ఆమె ఒక మోటారుని కిటికీ దగ్గరికి మార్చబోతే ల్యాబంతా వినేలా అరిచింది నేను.

"ఎవరికీ చెప్పకు తల్లీ" అన్నాను. "నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. ముందు డిగ్రీ తెచ్చుకో."

ఆమె నా మొహంలోకి చూసింది. కోపం లేదు ఆ చూపులో. అది ఇంకా కష్టమనిపించింది.

"వంద తోటల్లో పెడుతున్నారన్నా. అక్కడ ఈ గ్రైండర్ ఉండదు. అరిగిపోయిన మోటార్లన్నిటికీ ఆకుపచ్చ దీపం వెలుగుతుంది" అంది. "ఆ దీపం చూసి నిశ్చింతగా పడుకుంటారు."

నేరుగా అరసు సార్ గదికి వెళ్లింది. నేను తాళంచెవులు ఇచ్చే నెపంతో వెనకాలే వెళ్లాను. ఆయన అంతా విని, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. చెడ్డమనిషి కాదు ఆయన. ఆమె గడువు ఆయనకీ తెలుసు.

"నెలాఖరు దాకా ఆగు. థీసిస్ ఇచ్చెయ్. తర్వాత ఇద్దరం కలిసి నింపాదిగా సవరణ రాద్దాం" అన్నారు.

"కంపెనీవాళ్లు సార్?"

"వాళ్లని కొన్నాళ్లు ఆగమందాం."

"ఏం చెప్పి ఆగమందాం సార్?"

కిటికీ బయట ఎవరో బైకు స్టార్ట్ అవక తన్నుతూనే ఉన్నారు. అది స్టార్టయి వెళ్లిపోయేదాకా ఆయన అలాగే కూర్చున్నారు.

"పేపర్ వెనక్కి తీసుకోవాలంటే ఇద్దరి సంతకాలూ కావాలి సార్" అంది పూంగొడి. జర్నల్ వాళ్లకి రాసిన ఉత్తరం అప్పటికే ఆమె చేతిలో ఉంది. ఆమె సంతకం పెట్టేసి ఉంది.

ఆయన కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివారు. ఒకచోట కామా దిద్దారు. "ఎక్కడ పెట్టాలి?" అని అడిగి, సంతకం చేశారు.

ఇరవయ్యో తేదీన థీసిస్ కమిటీ ముందు సెమినార్, మా ల్యాబ్‌లోనే. వద్దనుకోవచ్చు, పేపర్ లేనివాళ్ల సెమినార్‌తో ఎవరికేం పని? అయినా పూంగొడి నీలం చీర కట్టుకుని వచ్చింది. కంపెనీ మేనేజర్లు ముందు వరుసలో కూర్చున్నారు. ఆమె మోటారు ఆన్ చేయలేదు. మూడో బల్ల మీదున్న తిరగని మోటారుకి పెట్టె పెట్టి, ఎర్ర దీపం చూపించి, "ఎనిమిదేళ్లలో నేను సాధించింది ఇది" అంది. తర్వాత ఎక్కడ తప్పు జరిగిందో ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయింది. ఎక్కడా గొంతు తడబడలేదు. నేను ఇన్నేళ్లలో వందల సెమినార్లకి మైకులు పెట్టాను. తన పనిని తనే అంత శ్రద్ధగా కూల్చిన మనిషిని చూడలేదు. ఆ పూట ఆమెను చూస్తుంటే నాకు గర్వంగా ఉంది, ఏడుపూ వస్తోంది.

కమిటీలో పెద్దావిడ సౌందరం మేడమ్ ఒక్కటే ప్రశ్న వేసింది. "పాడైన మోటార్లన్నీ ఆ మూడో బల్ల మీదే ఎందుకు పెట్టావమ్మా?"

నేను మైకు వైరు పట్టుకుని పూంగొడికి నాలుగడుగుల దూరంలో ఉన్నాను.

"అది నా నిర్ణయం మేడమ్" అంది పూంగొడి. నావైపు చూడను కూడా లేదు.

అప్పుడు నేను నోరు తెరవాల్సింది. తెరవలేదు. ఇంకా రెండేళ్ల సర్వీసు ఉంది, కూర్చున్నవాళ్లలో డీన్ ఉన్నాడు, ఇన్నేళ్ల పెత్తనం అందరి ముందూ నవ్వులపాలవుతుంది. వైరు చుట్టుకుంటూ ఉండిపోయాను. ఇంటికెళ్లాక అన్నం సహించలేదు. మా ఆవిడ ఏమైందని అడిగితే ఆమె మీద అరిచాను.

జూన్ ముప్పై వచ్చింది, వెళ్లింది. రిజిస్ట్రేషన్ రద్దయిందని ఆఫీసు నుంచి రెండు లైన్ల కాగితం వచ్చింది. ఆగస్టులో పూంగొడి మళ్లీ దరఖాస్తు పెట్టి మొదటి సంవత్సరంలో చేరింది. ముప్పై నాలుగేళ్ల మనిషి, ఇరవై మూడేళ్ల పిల్లల పక్కన బెంచీ మీద కూర్చుని రోల్ నంబరు పిలిస్తే "ప్రెజెంట్ సార్" అనాలి. నేను బల్లల రూలు తీసేశాను. ఎవరైనా ఎందుకని అడిగితే మాట దాటేశాను.

మొదటి సంవత్సరం వాళ్లకి ప్రయోగాలు ఎలా చేయాలో చెప్పే క్లాసు అరసు సార్‌ది. ఆ రోజు ప్రొజెక్టర్ పెట్టడానికి నేను వెళ్లాను. సార్ వెనక బెంచీలో కూర్చుని, "ఇవాళ పాఠం పూంగొడి చెప్తుంది" అన్నారు. ఆమె లేచి వెళ్లి తెర మీద ఒక పేపర్ వేసింది. పైన రాసినవాళ్ల పేర్లు కనబడకుండా కప్పేసింది.

"ఇందులో ఒక పెద్ద తప్పుంది. కనిపెట్టండి" అంది.

ముప్పావుగంట పట్టింది వాళ్లకి. లెక్కలన్నీ వెతికారు, అవి సరిగ్గానే ఉన్నాయి. చివరికి నామక్కల్ నుంచి వచ్చిన పిల్ల ఒకతి ల్యాబ్ బొమ్మ మీద వేలు పెట్టి, "అయ్యో, మంచివన్నీ ఇక్కడ, చెడ్డవన్నీ అక్కడ! గోడ అవతల ఏముందో చూసుకోలేదా వీళ్లు?" అంది. క్లాసంతా గొల్లున నవ్వింది. పక్కనున్న కుర్రాడు, "ఎవరక్కా ఇంత తెలివైనవాళ్లు? మోటారు ఆపి కూడా చూడలేదా?" అన్నాడు.

"నేనే" అంది పూంగొడి. పేర్ల మీద కప్పినది తీసేసింది.

ఆ కుర్రాడు నాలుక కరుచుకున్నాడు. వెనక బెంచీ నుంచి అరసు సార్ చెయ్యెత్తారు. "రెండో పేరు నాది. మోటారు ఆపి చూశావా అని అడగాల్సింది నేను. అడగలేదు" అన్నారు.

నేను గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను. నా పేరు ఆ కాగితం మీద ఎక్కడా లేదు. నన్నెవరూ అడగలేదు, అడగబోరు కూడా. పూంగొడి తర్వాతి పేజీకి వెళ్లబోతోంది.

"ఆగమ్మా" అన్నాను. "పిల్లలూ, ఇది కూడా రాసుకోండి. ఆ మోటార్లు మూడో బల్ల మీదే పెట్టాలని అరిచింది నేను. ఆ పిల్ల మార్చబోతే మార్చనివ్వలేదు. కమిటీ అడిగిన రోజున నోరు మూసుకుని కూర్చున్నాను."

నామక్కల్ పిల్ల నిజంగానే పెన్ను తీసి రాసుకుంది. పూంగొడి కళ్లు తుడుచుకుని, "థాంక్స్ అన్నా" అంది.