జాకబ్ చాప

ఆదివారం ఆరాధన అయ్యాక కొల్లేటి గట్టున ఉన్న ఆ ఊరి ఆడవాళ్ళకు ఇంకో పని మిగిలేది. పాట ఎవరి మనసుకు తగిలితే వాళ్ళు కూర్చున్న తుంగ చాప పచ్చబడి చిగురేసేది. ఆ చిగుళ్ళు కొడవలితో కోసి, చాపలు చుట్టబెట్టి, కోసిన మోపు గేదెలకు వేసేవారు. సోమవారం పాలు చిక్కగా ఉంటాయని చెప్పుకునేవారు.

చర్చిలో చాపలన్నీ నేసింది జాకబ్. అతని నేతలో ఒక్క పోచ పక్కకు పోదు. మగవాళ్ళ వైపు ముందు వరసలో అతను కూర్చునే చాప మాత్రం ఏనాడూ పచ్చబడలేదు. అదో గొప్పగా చెప్పుకునేవాడు కూడా. మొండి మనిషి, ఏం చేస్తాం.

కొల్లేటిలో సర్కారు చేపల చెరువుల గట్లు కొట్టించిన మరుసటి ఏడు, ఒక శనివారం, అతని బిడ్డ ఇంటికొచ్చింది. వెళ్ళినప్పుడు ఆనంద్ పాల్. తాడేపల్లిగూడెంలో బట్టలు కుట్టుకుంటూ బతికి, తిరిగొచ్చేసరికి సిల్వియా. గళ్ళ చీర కట్టుకుంది.

"ఇక ఇక్కడే ఉంటాను నాన్నా," అంది.

జాకబ్ నేస్తున్న చాప మీంచి తలెత్తలేదు. "నా నేతలో తప్పు పోచ పడింది," అన్నాడు.

"ఏవండీ, కన్నబిడ్డండీ," అంది అతని భార్య పాపమ్మ.

"రేపు ప్రార్థన అయ్యాక ఏలూరు బస్సెక్కమను."

మర్నాడు చర్చిలో మగవాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళు ఎడమవైపు ఎప్పట్లాగే కూర్చున్నారు. సిల్వియా ఎటూ వెళ్ళకుండా మధ్య నడవలో, చాప లేని గచ్చు మీద నిలబడింది. పాట పాడేవారుంటే పాడమని పాస్టరు గారు అడగ్గానే అక్కడి నుంచే అందుకుంది. తండ్రి మాట విన్నాక తనే కట్టుకున్న పాట.

"నీవు నేసిన చాపనే గదా ప్రభువా,
ఏ పోచ తప్పుగా పడింది నాలో?
ఆడదాన్నని తెలిసే అల్లావు నన్ను,
నీ చేతి పనికి నేనెందుకు సిగ్గుపడను?"

క్షమించమని అడిగే పాట కాదది. పల్లవికే ఆడవాళ్ళ చాపలు పచ్చబడ్డాయి. అందరూ జాకబ్ వైపే చూస్తున్నారు. అతను పళ్ళు బిగించి గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. చరణానికి వచ్చేసరికి అతని మోకాళ్ళ పక్కన తుంగ లేచింది. అరచేత్తో అణిచాడు. వేళ్ళ సందుల్లోంచి మళ్ళీ లేచింది. బిడ్డ మీద ఎంత బెంగపెట్టుకున్నాడో అతనికి అప్పుడే తెలిసింది, ఊరందరితో పాటు.

తుంగ చాప అంచు దాటి, గచ్చు మీద పాకి, సిల్వియా పాదాల కింద పరుచుకుని, అవతల పాపమ్మ చాపలో కలిసింది. పాపమ్మ కాస్త జరిగి చోటిచ్చింది.

"నిలబడ్డావేం అమ్మాయ్," అన్నాడు జాకబ్, అందరికీ వినబడేలా. "వెళ్ళి మీ అమ్మ పక్కన కూర్చో."

ఆరాధన ముగిసేసరికి బయట ఏలూరు బస్సు హారన్ కొట్టి వెళ్ళిపోయింది. ఒకావిడ అలవాటుగా కొడవలి పట్టుకుని నడవలోకి వచ్చింది.

"అది కోయకండి," అన్నాడు జాకబ్. "ఆ నేత నాదండి. అందులో తప్పు పోచ లేదు."