జనరల్‌కు పెట్టిన పరీక్ష

“కుక్క జాతిదైతే ఒక ఏడుపు, కాకుంటే ఇంకో ఏడుపు. ఎటు తిరిగినా ఎసరు నా బిడ్డ నిద్రకే!” పొయ్యి ముందు కూర్చుని స్వరాజ్యలక్ష్మి పైకే అనేసింది. వినడానికి అక్కడ జనరల్ ఒక్కటే ఉంది. అది తోక ఊపింది.

సూర్యాపేటలో మిలిటరీ డేరాలు ఎత్తేసిన రోజున ఆమె భర్త పాండురంగం ఈ కుక్కపిల్లను శాలువాలో చుట్టుకుని మిర్యాలగూడకు తెచ్చాడు. ఏ డేరా వెనక దొరికిందో ఆయనకే తెలియాలి. తన బియ్యం మిల్లు ముందు నిలబడి మాత్రం “అసలు విలాయతి జాతి” అని వచ్చేపోయే వాళ్లందరికీ చెప్పాడు. ఆ మాట సూర్యాపేటకు కొత్తగా వచ్చిన అధికారి దొరగారి చెవిన పడింది. ఆయనకు కుక్కలంటే ప్రాణమట. ఇంకేం, జాతిదైతే తమకే సమర్పిస్తానని పాండురంగం మాటిచ్చి వచ్చాడు. కాదని తేలితే వాడపల్లిలో పడవెక్కించి కృష్ణ అవతల వదిలేస్తానని ఇంట్లో చెప్పాడు. ఊరకుక్కను శాలువాలో మోసుకొచ్చిన షావుకారని నలుగురూ నవ్వకూడదు కదా!

ఆయన పరువు సరే. ఆరేళ్ల నీల సంగతేమిటి? నిరుడు ఊళ్లోకి మిలిటరీ వచ్చి తుపాకులు పేలినప్పటి నుంచి ఆ పిల్ల నిద్రలో కేకలు పెట్టి లేచేది. తాయెత్తు కట్టారు, దిష్టి తీశారు, దవాఖానలో చూపించారు. జనరల్ వచ్చి మంచం కింద పడుకున్నాకే ఆ కేకలు ఆగాయి. అది పోతే మళ్లీ మొదలవుతాయి, పిల్ల చిక్కిపోతుంది, జ్వరం తగులుకుంటుంది, ఆ తర్వాత... స్వరాజ్యలక్ష్మి ఆలోచన ఎప్పుడూ ఆ తర్వాతకే పరుగెత్తేది.

సంగతి తేల్చడానికి కోదాడ నుంచి పాండురంగం అక్క మొగుడు గోవర్ధన్ వచ్చాడు. ధాన్యం బేరాల మీద తరచుగా బెజవాడ పోయి వస్తాడు కనుక ఆయనకు తెలియని విషయం లేదు. పెళ్లిచూపులకు వచ్చిన పెద్దమనిషిలా కుర్చీలో కూర్చుని తల్లెవరు, తండ్రెవరు అని అడిగాడు. జనరల్ గోత్రం చెప్పలేదు. చెవులు ఎత్తి చూశాడు. పళ్లు చూశాడు. నడిపించి చూశాడు.

“ఇయ్యన్నీ పైపై పరీక్షలు బామ్మర్దీ. మాంసం బొక్క పెట్టి చూడాల. జాతి కుక్కయితే వాసన తగలంగనే గొలుసు తెంపుకుంటది.”

“రామ రామ! కోమటింట్ల బొక్కలా బావా?”

“ఇంట్లో ఎందుకయ్యా? మిల్లు వెనక ఊక కుప్ప కాడ కానిద్దాం.” గోవర్ధన్ హమాలీ మైసయ్యను పిలిచాడు. “ఏదో పక్కటెముక పట్టుకొచ్చేవు! తొడ నల్లి బొక్క తే. మేకది వద్దు, పొట్టేలుదే కావాల. కసాయోడితో పిప్పి చెయ్యొద్దను, మూలుగంతా కారిపోద్ది.”

మైసయ్య నవ్వు మింగుకుని వెళ్లాడు.

ఊక కుప్ప దగ్గర అందరూ ముక్కులు మూసుకుని నిలబడ్డారు. ముందు పెట్టిన బొక్కను జనరల్ ఒకసారి వాసన చూసింది. బుద్ధెరిగాక పప్పన్నం, పెరుగన్నం తప్ప మరొకటి ఎరగని ప్రాణి. తోక ముడుచుకుని వచ్చి స్వరాజ్యలక్ష్మి కుచ్చిళ్ల వెనక నక్కింది.

“తేలిపోయింది. జాతి లేదు గీతి లేదు. ఊరకుక్క,” అన్నాడు గోవర్ధన్.

పాండురంగం ముఖం మాడిపోయింది. “మైసయ్యా, బండి కట్టు. వాడపల్లి పోదాం.”

నీల వచ్చి కుక్క మెడ వాటేసుకుంది. ఏడవలేదు. ఆ ఏడవకపోవడమే తల్లిని భయపెట్టింది. మగవాళ్ల మధ్య ఎన్నడూ నోరెత్తనిది, కొంగు నిండుగా కప్పుకుని ముందుకొచ్చింది.

“అన్నయ్యా, సదువు తక్కువదాన్ని, తప్పనుకోకుండ్రి. తొడ నల్లే మంచిదని, పొట్టేలుదే కావాలని, మూలుగ కారిపోతదని... మన ఇండ్లల్ల పుట్టినోళ్లకు గిదంత ఎట్ల ఎరుకైంది? బెజవాడల ధాన్యంతోటి గిదీ అమ్ముతరా? వదినెకు ఎరుకేనా?”

మైసయ్యకు దగ్గొచ్చి పక్కకు తిరిగాడు. పాండురంగం తన బావ ముఖంలోకి చూశాడు. గోవర్ధన్ బొక్కను చూశాడు, ఊక కుప్పను చూశాడు, కోదాడ దిక్కు చూశాడు. మిల్లు ఇంజను డబడబమంటూనే ఉంది. జనరల్ ఆవులించింది.

గోవర్ధన్ గొంతు సవరించుకున్నాడు.

“జాతిదే బామ్మర్దీ. నేనే తొందరపడ్డా. కాకపోతే మనింటి ఆచారం పట్టుకుంది. ఇట్టాంటిదాన్ని మాంసం తినే దొరలకిస్తే పాపం తగులుద్ది. ఇంట్లోనే ఉండనియ్యి.”