పల్లకీ మోసేవాడి పిక్కలు

గిరిజకు ఆ నెలంతా రెండు డ్రమ్ములతోనే గడిచింది. ఖాళీ పెయింటు డ్రమ్ములు, మోకాలి ఎత్తువి. ఒకదాంట్లో ఒళ్ళు చురుక్కుమనే వేణ్ణీళ్ళు, ఇంకోదాంట్లో ఐసు గడ్డలు తేలే చన్నీళ్ళు. మొగుడు విజయరంగన్ వేడి డ్రమ్ములో కాసేపు నిలబడతాడు, అంతకన్నా తక్కువసేపు ఐసు డ్రమ్ములో నిలబడతాడు, మళ్ళీ వేడి, మళ్ళీ ఐసు. ఆఖర్న ఐసుతోనే ముగించాలి. ఆయన చేసేదల్లా ఇందులోంచి అందులోకి కాలు మార్చడమే. ఆ నీళ్ళు కాచేదీ, మోసేదీ, చల్లారితే మళ్ళీ కాచి పోసేదీ గిరిజ. వైద్యం ఆయన పిక్కలకు, నొప్పి ఈవిడ నడుముకు.

సునామీ వచ్చిపోయిన రెండో ఏడు అది. మాసి నెలలో మఖ నక్షత్రం నాడు వచ్చే మాసి మకం రోజున చుట్టుపక్కల దేవుళ్ళంతా వైత్తికుప్పం సముద్రంలో తీర్థమాడడానికి తరలి వస్తారు. రెడ్డియార్‌పాళయం పెరుమాళ్ళు కూడా పొద్దున్నే పల్లకీ ఎక్కి వెళ్ళి, తీర్థమాడి, మిట్టమధ్యాహ్నానికి తిరిగి వస్తాడు. ఆయనకేం, కూర్చుని వస్తాడు. పల్లకీ ముందుకర్రకు ఎడమ పక్క విజయరంగన్ ఇంటి హక్కు. తాత మోశాడు, తండ్రి మోశాడు, ఇప్పుడు ఈయన. వయసు యాభైకి దగ్గర పడింది. పగలంతా బియ్యం మండీలో నిలబడి చేసే ఉద్యోగం. సాయంత్రమైతే, మోసేవాళ్ళందరి అడుగులూ కలవాలని, కర్రలకు ఇసుక మూటలు కట్టి సాధకం చేస్తారు. ఇంటికి వచ్చేసరికి ఆయన పిక్కలు రాళ్ళలా ఉండేవి.

పోయిన ఏడు ఉత్సవం అయ్యాక పది రోజులు గోడ పట్టుకు నడిచాడు. ఈసారి అలా కాకూడదని గిరిజే ఆయన్ను ఫిజియోథెరపీ క్లినిక్కుకు లాక్కుపోయింది. అక్కడ పనిచేసే విద్య అనే చిన్నపిల్ల ఓపిగ్గా చెప్పింది.

"వేడికి రక్తం బాగా పారుతుంది అక్కా, చలికి ముడుచుకుంటుంది. అట్ల మార్చి మార్చి పెడితే కండ అలుపు తీరతాది. దాంతోబాటు బరువు తగ్గించల్ల. రెస్టు వొద్దంటే ఎట్ల?"

విజయరంగన్ చెవికి డ్రమ్ముల మాట ఎక్కింది, రెస్టు మాట ఎక్కలేదు. మొగవాళ్ళ చెవులకు ఆ జల్లెడ పుట్టుకతోనే ఉంటుంది.

ఐసు కోసం గిరిజ కురుచికుప్పం దాకా పోయేది. చేపలకు వేసే ఐసు అక్కడ చవక. అత్త తాయమ్మాళ్‌కు తెలిస్తే ఆ ఐసు గడప దాటనివ్వదు. అందుకని దారిలో కుళాయి దగ్గర కడిగి, సోడా అంగడిలో కొన్నానని చెప్పేది. మొదటి రోజే ముసలావిడ ముక్కు ఎగబీల్చింది.

"ఏందే ఇది, సోడా అంగడి ఐసుకు నీసు వాసన వస్తాది?"

"గోనె సంచి వాసన అత్తా" అంది గిరిజ. పెరుమాళ్ళకు తెలిసే ఉంటుంది. తన పని జరగాలి గనక ఊరుకున్నాడు.

చెప్పకూడదు గాని వైద్యం బాగా పనిచేసింది. వారం తిరక్కుండా పిక్కలు మెత్తబడ్డాయి. పొద్దున్నే మెట్లు చకచకా దిగాడు. సంతోషించాల్సిన గిరిజకు ఆ దిగడం చూసి గుండెలో ఏదో కలుక్కుమంది. ఆ సాయంత్రమే ఆయన ఇంకో మూట ఎక్కువ కట్టించుకుని మోసి వచ్చాడు. తను బాగుచేసిన కొద్దీ ఆయన ఇంకా బరువు కిందికి పోతున్నాడు. ఎద్దుకు కాళ్ళు కడిగి మళ్ళీ కాడి కిందికి తోలినట్టే ఉంది తన సేవ.

ఒక రోజు ఐసుకు పోకుండా కూర్చుంది. కాళ్ళు పట్టేస్తే పట్టేయనీ, ఈ ఏటికి మోత తప్పుతుంది కదా అనుకుంది. గేటు చప్పుడై, ఆయన గోడ పట్టుకుని లోపలికి రావడం చూసింది. మనసు ఒప్పలేదు. సంచి తీసుకుని బస్సుకు పరుగెత్తింది.

ఆ రాత్రి ఆయన వేడి డ్రమ్ములో నిలబడి ఉండగా అడిగేసింది.

"ఈ ఏడుతో చాలిస్తారా?"

"ఎట్ల చాలించేది గిరిజా? నా నోటితో అడిగితే పాయె గదా."

అది అక్కడి నేమం. మోసేవాడు తన నోటితో మార్పు అడగకూడదు. అడిగితే ఆ చోటు ఆ ఇంటికి ఇక లేదు. వెనక నడిచే మార్పువాళ్ళు వాడి వాలకం చూసి బుజం మీద చెయ్యి వేస్తారు. చెయ్యి పడితే మాట్లాడకుండా తప్పుకోవాలి, వచ్చే ఏటికి చోటు భద్రం. మిగతా అందరి బుజాల మీదా వీధికొకసారి చెయ్యి పడుతుంది. విజయరంగన్ బుజం మీద మాత్రం ఎవరూ వెయ్యరు. ఆయన తండ్రి మోసేవాళ్ళందరికీ పెద్ద. అంతటివాడి కొడుకు మీద చెయ్యి వేస్తే, నీ వల్ల కాదని మొహం మీద చెప్పినట్టు కాదా? ఇప్పటి పెద్ద సుబ్బరాయలు కూడా తల తిప్పుకుంటాడు. గౌరవానికి కళ్ళుంటాయి గాని కనికరం ఉండదు.

"మీ మామ మీద ఒక్కడన్నా చెయ్యి వేసిండాడా?" అంటుంది తాయమ్మాళ్ అవకాశం దొరికినప్పుడల్లా. నిజమే, ఎవరూ వెయ్యలేదు. ఒక ఏడు ఉత్సవం ముగించి వచ్చి మంచం మీద పడుకున్నవాడు మళ్ళీ నిటారుగా నిలబడలేదు. పోయేదాకా ఆయనకు మంచంలోనే అన్నీ చేసింది ఈ ముసలావిడే. ఆ సంగతి మాత్రం ఆవిడ చెప్పదు.

ఉత్సవానికి ముందు విజయరంగన్ చేతికి కంకణం కట్టారు. ఇక ఇంటి ఆడవాళ్ళు ఆయన్ను తాకకూడదు. గిరిజ డ్రమ్ములు పెట్టి దూరంగా నిలబడేది. ఒక్కరోజు కూడా మానలేదు.

మాసి మకం నాడు పల్లకీ తిరిగి వచ్చేసరికి తారు రోడ్డు పెనంలా కాలుతోంది. మోసేవాళ్ళవి వట్టి పాదాలు. అందుకని ప్రతి ఇంటివాళ్ళూ బిందెలతో కాచుకుని ఉండి వాళ్ళ కాళ్ళ మీద చల్లటి నీళ్ళు పోస్తారు. గిరిజ, తాయమ్మాళ్ కూడా తమ వాకిట్లో బిందెలతో నిలబడ్డారు. గుడికి ఇంకా మూడు వీధుల దూరం ఉంది.

పల్లకీ మలుపు తిరిగింది. మూడు మూలలా మనుషులు మారి ఉన్నారు. ముందు ఎడమ పక్క పొద్దున బయలుదేరిన మనిషే. మొహంలో రక్తం లేదు. ఆయన పిక్క చర్మం కింద తాడు మెలిపడ్డట్టు మెలితిరగడం గిరిజకు పది గజాల నుంచే కనిపించింది. ఇన్ని రోజులు చూసిన పిక్కలు అవి. ఇక డ్రమ్ములు బాగుచేసే స్థితి దాటిపోయిందని ఆమెకు అర్థమైంది.

నీళ్ళు పోసింది. ఆ పాదాలు వణుకుతున్నాయి. తలెత్తి చూస్తే ఆయన ఆమె వంకే చూస్తున్నాడు. నోరు విప్పలేదు. విప్పడు కూడా. వెనక మార్పువాడు సుందరమూర్తి తల వంచుకుని నడుస్తున్నాడు.

గిరిజకు ఒళ్ళు మండింది. ఆయన మీదో, దేవుడి మీదో, తల వంచుకున్న ఈ మర్యాదస్తులందరి మీదో ఆమెకే తెలియదు. బిందె కింద పడేసి ముందుకు వెళ్ళి, మొగుడి బుజం మీద చెయ్యి వేసింది.

మేళం ఆగింది. "అయ్యో, కంకణం కట్టిన మనిషిని..." అని ఎవరో అన్నారు. సుబ్బరాయలు గిరిజను చూసి, ఆ వణికే కాళ్ళను చూశాడు.

"చెయ్యి పడె గదా" అన్నాడు. "ఎవరి చెయ్యని నేమంలో యాడా లేదు. సుందరమూర్తీ, పట్టు."

కర్ర బుజం మారింది. పల్లకీ కదిలింది. విజయరంగన్ నాలుగు అడుగులు వేసి అరుగు మీద కూలబడి, చేతుల్లో మొహం పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. సిగ్గుతో ఏడ్చాడో సుఖంతో ఏడ్చాడో అడిగే పనిలేదు. గిరిజ ఆయన పక్కనే కూర్చుంది. నెల రోజుల అలుపూ అప్పుడే ఒక్కసారిగా మీద పడింది. ఇక అత్త నోటికి సిద్ధపడింది.

తాయమ్మాళ్ తిట్టలేదు. నీళ్ళ బిందె ఇంకా ఆవిడ చంకలోనే ఉంది. పోతున్న పల్లకీ వంక చూస్తూ నిలబడింది.

"మీ మామ కూడా ఆ మంచం పట్టిన ఏడు ఇదే వాకిట్లో నా దిక్కు అట్లనే చూసె గిరిజా" అంది. "నీళ్ళకేమో అనుకొని, పోసేసి తప్పుకుంటిని."