గాల్లో వేలాడే తీగ

పొద్దున్నుంచీ ఆకాశం కురవనూ కురవదు, విచ్చుకోనూ విచ్చుకోదు, మూతి ముడుచుకుని ఇంటి మీదే కూర్చుంది, అచ్చం అక్కలాగే అనుకున్నాడు తమ్ముడు, వంటింటి గుమ్మం పక్కన స్టూలేసుకుని, గోడకి తనే బిగించిన పచ్చ సర్క్యూట్ బోర్డుని చూస్తూ, అరచేతిలో సగం లేదు, దీంతో తల ప్రాణం తోకకొచ్చింది, వీధి తలుపు దగ్గర ఎవరైనా మీట నొక్కితే వంటింట్లో ఎర్రదీపం వెలగాలి, అక్కకి చెవులు మందగించాయి గనక, అంతే దాని పని, ఎవరూ నొక్కకుండానే వెలుగుతోంది, వెలిగినప్పుడల్లా అక్క చేతులు తుడుచుకుంటూ ఆ నొప్పుల మోకాళ్ళతో వీధి తలుపు దాకా వెళ్ళడం, ఎవరూ లేక తిరిగి రావడం, ఒక్క మాట అనదు, ఎందుకంటుంది, ఆవేళ తనకి పని ఇవ్వడానికొచ్చిన మనిషి తలుపు కొట్టి కొట్టి వెళ్ళిపోయాడని తను నోరు జారాడుగా, చెవిటిదానివి, నువ్వు ఇంట్లో ఉంటే ఎంత లేకపోతే ఎంత అని, ఆ ఒక్క మాటా ఎలా వినబడిందో, అప్పట్నుంచీ కంచం బల్ల మీద పెట్టి మొహం తిప్పుకుని వెళ్ళిపోతుంది, చిన్నప్పుడు చీకట్లో పెరట్లోంచి ఉన్నావా అక్కా అని అరిస్తే ఉన్నానురా అనే మనిషి, తనేమో తప్పయిందనలేక దీపం చేసిపెట్టాడు.

ప్రోగ్రాం తిరగరాశాడు, బోర్డు మార్చాడు, నాసిరకం అంటగట్టాడని అమ్మినవాణ్ణి తిట్టాడు, కళ్ళు మండుతుంటే గుమ్మం వెంట బోర్డులోకొచ్చే మీట తీగని వేలితో పక్కకి జరపబోయాడు, ఇంకా తాకనేలేదు, దీపం వెలిగింది, చెయ్యి తీస్తే ఆరింది, ఓరి వెధవా, మీట నొక్కనప్పుడు తీగని గ్రౌండుకి పట్టి ఉంచే రెసిస్టరు పెట్టనేలేదు, పట్టు లేని తీగ, మనిషి దగ్గరికొచ్చినా చాలు పిలుపనుకుంటుంది, మరి ఇన్నాళ్ళూ దగ్గరికొచ్చిందెవరు, అక్క పొయ్యి దగ్గరుంటుంది, ఇక్కడికొచ్చి, ఈ గుమ్మానికి చెయ్యానించి, నోరు తెరిచి, మూసుకుని వెనక్కి పోయింది తనే.

రెసిస్టరు జేబులోనే ఉంది, బయటికి తియ్యలేదు, లేచి గుమ్మానికి చెయ్యానించాడు, దీపం వెలిగింది, అక్క వీధివైపు కదలబోయి ఇటు చూసి ఆగింది, ఏరా, రోజూ వచ్చిపోయేది నువ్వా, నేనేనే, తప్పయిందక్కా, ఏమిటీ, గట్టిగా చెప్పు, తప్పయిందక్కా అని అరిచాడు, పక్కింటికి కూడా వినబడేలా, మొదటిసారే వినబడిందిలే, కాళ్ళు కడుక్కురా.

రెండు కంచాలు పెట్టింది, అతను ఆ గుమ్మానికే వీపు ఆనించి కూర్చున్నాడు, తిన్నంతసేపూ ఎర్రదీపం వెలుగుతూనే ఉంది, ఎవరొచ్చారో చూడ్డానికి ఇద్దరిలో ఎవరూ లేవలేదు.