నుమాయిష్‌కొచ్చిన మూడో పిల్ల

నుమాయిష్ ఎగ్జిబిషన్ చూపిస్తానని భూమేశ్వర్ పెళ్లాన్నీ, ముగ్గురు ఆడపిల్లల్నీ ఆర్మూర్ నుంచి పట్నం తీసుకొచ్చి నాంపల్లిలో ఒక హోటల్లో దించాడు. అది ఎనభై ఏడు జనవరి. వణికించే చలి. గది కిటికీ తెరిస్తే పక్క బిల్డింగు గోడే. చంటిదాని గుడ్డలు రాత్రి ఉతికితే పొద్దుటికీ ఆరలేదు. పెద్దపిల్లలిద్దర్నీ వెంటేసుకుని భూమేశ్వర్ ఇడ్లీలకు పోయాడు. గంగమణి ఏం చేస్తుంది మరి! గుడ్డలు మిద్దె మీద ఆరేద్దామని గదికి తాళం వేసి, పక్క గది తలుపు కొట్టింది.

ఆ గదిలో ఉన్నామెది బోధన్ అని రాత్రే మాటల్లో తెలిసింది. మన జిల్లా మనిషే, ఇంకేం కావాలి! "అక్కా, జర పిల్లను పట్టు, గిప్పుడే వస్త" అని చంటిదాన్ని ఆమె చేతుల్లో పెట్టి, జవాబైనా వినకుండా మెట్లెక్కేసింది. పసుపు ఉడకబెట్టే రోజుల్లో ఆర్మూర్‌లో తల్లులంతా పనిలో ఉంటే, చంటిపిల్లలు చేతులు మారుతూ నాలుగిళ్లు తిరిగొస్తారు. అక్కడ పేరూ ఊరూ అడిగి అప్పగించేదెవరు?

మిద్దె మీద తాడు లేదు. గుడ్డలన్నీ పిట్టగోడ మీద పరిచి, ఎగిరిపోకుండా రాళ్లు వెతికి పెట్టేసరికి ఆలస్యమైంది. దిగొస్తే పక్క గది బార్లా తెరిచి ఉంది. లోపల ఒకడు దుప్పట్లు దులుపుతున్నాడు.

"గీ గదిల అక్క ఏది?"

"ఖాళీ చేసి పోయిన్రమ్మా."

"పిల్ల?"

"ఏం పిల్ల?"

గంగమణి వెనక్కొచ్చి వరండాలో తలుపులు లెక్కపెట్టింది. గది ఇదేనా? అంతస్తు ఇదేనా? తన గది తాళం తీసి, అక్కడ ఉండదని తెలిసి కూడా మంచం కింద చూసింది. ఆమె పేరేంటి? అయ్యో, పేరైనా అడగలేదే! దొరికితే జుట్టు పట్టుకుని ఈడ్చాలనుకుంటూ ఒట్టి కాళ్లతో కిందికి పరిగెత్తింది.

ఆమె కౌంటర్ దగ్గరే ఉంది. చంకలో పిల్ల గుక్కపెట్టి ఏడుస్తోంది. బయట ఆటోలోంచి ఆమె మొగుడు బస్సు పోతుందని అరుస్తున్నాడు.

"ఏడికి తీస్కపోతున్నవ్ నా పిల్లను?" అంటూ గంగమణి లాక్కుంది.

"నేనా? మీ గదికి తాళం ఉండె. గీ మేనేజర్‌ను అడిగితే మీకు ఇద్దరే పిల్లలంట, మీ ఆయన ఇద్దర్ని తీస్కొని పోయిండంట. ఆడపిల్ల గదా, నా చేతుల పెట్టి మీరంత ఇడిసిపెట్టి పోయిన్రనుకున్న. యా అల్లా, నా పానం పోయింది!" అని ఆమె కూడా ఏడ్చేసింది.

గంగమణి మేనేజర్ వైపు తిరిగింది. ఇద్దరేంటి? అప్పుడే ఇడ్లీ పొట్లాలతో మొగుడు లోపలికొచ్చాడు.

"ఇద్దరే అని చెప్పినవా?"

"అవ్. చంకల పిల్ల గదనే. బస్సుల కండక్టర్ గూడ లెక్కవెట్టడు" అని నవ్వాడు. మేనేజరూ నవ్వాడు.

గంగమణికి నవ్వు రాలేదు. మొన్న ఆర్మూర్ మార్కెట్లో మక్కజొన్నలు అమ్మినప్పుడు, పిల్లలెందరని సేటు అడిగితే ఇలాగే చెప్పాడు. తను పక్కనే ఉంది.

"సేటుకు గూడ ఇద్దరే అన్నవు. ఆడ టికెట్ ఎవలడిగిన్రు?"

పెద్దపిల్లలిద్దరూ తండ్రి మొహం వైపే చూస్తున్నారు.

"చెప్పు. ఎందరు?"

"ముగ్గురు" అన్నాడు నేల చూపులు చూస్తూ.

"నాకు గాదు. బస్సు పోకముందే గా అక్కకు చెప్పు."